కోర్టు గేటు ముందు అమ్మ

మొన్న ఖమ్మంలో తునికి పండ్ల వాసన తగలగానే అడవి అంచున మా ఊరి కోర్టు గేటు, ఎర్రటి ఎండలో రోడ్డు మీద కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ వకీలు. పోడు చేసుకునే గూడెం మనుషులను పోలీసులు పట్టుకెళ్లి, కోర్టులో హాజరుపరచకుండా ఎక్కడో దాచారు. వాళ్లను వెంటనే వదిలెయ్యమని జడ్జి ఆదేశించాడు. వారం తిరక్కుండానే ఆయనను బదిలీ చేశారు. దాంతో వకీళ్లంతా నల్లకోట్లతోనే గేటు ముందు బైఠాయించారు.

మా బడిలో తప్పు చేసినవాళ్లనే బయట కూర్చోబెట్టేవారు. అందుకే భయపడుతూ అడిగాను.

"అమ్మా, మీరందరు ఏం తప్పు చేసిండ్రు?"

"తప్పు మాది కాదు బిడ్డా. చట్టంల ఉన్నదే రాసిండు జడ్జి సారు. గందుకే పంపిస్తున్నరు. ఇయ్యాల మేం ఊకుంటే, రేపు ఏ జడ్జికి ధైర్యముంటది?" 

విడుదలైన ఒకతని భార్య కొంగులో తునికి పండ్లు తెచ్చి అందరికీ పంచుతోంది. అంతలో జడ్జి సామాను లారీ, వెనకే ఆయన జీపు వచ్చాయి. కోర్టు హాల్లో లేచినట్టే వకీళ్లంతా రోడ్డు మీద లేచి నిలబడ్డారు.

"మావోళ్లను ఇడిపిచ్చినందుకేనా సారు పోతుండు?" అని అమ్మను అడిగి, నేరం తనదే అయినట్టు ఆమె తల దించుకుంది.

ఆమె తల దించుకునేలా చేసినవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.