ఆరంగ్ కల్వర్టు మీద కొట్టేసిన రీడింగు

మా ఆయన ఆ అంకెను ఆరంగ్ టీకొట్లో కూర్చుని కల్పించాడని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు, ఈ రోజుకీ లేదు. ఆ ఆఫీసు ఫైళ్ల మీద అంతకన్నా లేదు.

భూమి లాగే బలం అన్నిచోట్లా ఒకేలా ఉండదు; నేల కింద బరువు ఎక్కువున్నచోట ఎక్కువ. ఆ తేడాలు కొలిస్తేనే సముద్రమట్టం నేల కింద ఎలా సాగుతుందో తేలుతుంది. ఎత్తులన్నీ దాన్నుంచే లెక్క. మా ఆయన పని ఆ కొలతే. పొద్దున, విలువ ముందే తేల్చిపెట్టిన రాయపూర్ బేస్‌లో ఒక రీడింగు, దారిలో కల్వర్టు కల్వర్టుకీ ఒకటి, సాయంత్రం మళ్లీ బేస్‌లో.

రాయపూర్ రాజధానిగా రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఆరంగ్ దగ్గర ఒక కల్వర్టు మీద ఆయన రీడింగు పక్కవాటితో పొంతన లేకుండా ఎక్కువొచ్చింది. మరుసటి వారం వేరేవాళ్లు కొలిస్తే మామూలుగానే ఉంది. పరికరం కుదుపు తిందన్నారు. అలాగైతే సాయంత్రం బేస్‌లోనూ తేడా రావాలి కదా? రాలేదు. ఆయన అది అడిగితే, అసలు వెళ్లకుండానే రాశాడన్నారు. ఆ మాటే సర్వీసు బుక్కులో ఎక్కించారు.

"ఏటి చూసేనో అదే రాసేను. నువ్వయినా నమ్ము" అన్నారాయన.

నమ్మలేదు. ఫిజిక్స్ చదివినదాన్ని, నేల లాగుడు వారంలో మారదని ఆయనకే పాఠం చెప్పాను.

రెండేళ్లకు గుండెపోటుతో పోయారు. కారుణ్య నియామకం కింద అదే ఆఫీసులో నన్ను రికార్డరుగా వేశారు. పరికరంలో చూసే అబ్జర్వరు అంకె చెబితే, నేను తిరిగి పైకి చదివి సిరాతో రాయాలి.

ఒక మధ్యాహ్నం అదే కల్వర్టు. పరికరం మాత్రం వేరేది. అబ్జర్వరు సాహు గారు అంకె చెప్పారు. తిరిగి చదివి, వెనకటి అంకెతో పోల్చి చూశాను. వెనకటి పాయింటుకూ దీనికీ తేడా, ఆఫీసు బీరువాలో నేను చూసిన మా ఆయన రీడింగుల పుస్తకంలో ఉన్నంతే. నేనూ కన్ను పెట్టి చూశాను. లారీ పోతే లోపలి గీత ఊగుతుంది, నిలవదు. ఇది గుర్తు మీద కదలకుండా నిలబడింది. రాశాను.

సాహు గారు పరికరం ఎత్తి, మళ్లీ మట్టం సరిచేసి చూశారు. మామూలు అంకె. సాయంత్రం బేస్‌లోనూ సరిగ్గా కలిసింది.

"మేడమ్, పహలావాలా కాట్ దీజియే. మేరీ భీ నౌకరీ హై."

మొదటిది కొట్టేయమని. ఆయనకూ ఉద్యోగం ఉందని.

నాకూ ఉంది. అడ్డంగా ఒక గీత గీసి, పక్కన 'పొరపాటు' అని రాసి, రూలు ప్రకారం సంతకం పెట్టాను. మా ఆయన్ని రెండోసారి అబద్ధాలకోరును చేసింది నా చెయ్యే.

ఇన్నేళ్లు పుస్తకాలు తిరగేశాను, పెద్దవాళ్లని అడిగాను. ఎవరూ తేల్చలేదు. రెండుసార్లు, రెండు పరికరాల్లో, అంతే బరువుతో ఆ కాసేపు ఆ కల్వర్టు కిందకి వచ్చి పోయిందేమిటి?