జీవమ్మ బండికి రెండు దీపాలు

మైదుకూరు పక్క పల్లెలోని చిన్న మిషన్ ఆసుపత్రిలో జీవమ్మ మంత్రసాని. 1938లో దొర డాక్టరు తన దేశానికి పోతూ తన పాత మోటారు సైకిలు ఆసుపత్రికి వదిలిపోయాడు. నడపడానికి ఎవరూ ముందుకు రాలేదు. జీవమ్మ గోచీ పోసి చీర కట్టుకుని ఎక్కింది. మొదటి వారం మూడుసార్లు పడింది, నాలుగోసారి పడలేదు.

కాన్పులకు పోయే దారి నల్లగుంట్లపల్లె నడివీధి మీదుగా ఉండేది. జీవమ్మది మాలవాడ. అందుకని ఆ ఊరి పెద్ద ఓబుళరెడ్డి, వీధిలో బండి దిగి తోసుకుంటూ పోవాలన్నాడు. ఆమె దిగకుండా, ఊరి వెనక వాగు అంచున పోయే వంకదోవ పట్టింది. బండికున్న ఒక్క దీపం తిన్నగా ముందుకే పడేది, దోవ అంచు కనిపించేది కాదు. ఒక రాత్రి బండితో సహా వంకలో పడింది. కుంటుకుంటూ, నొప్పులు పడుతున్న గిడ్డమ్మ ఇంటికి చేరేసరికి బిడ్డ చనిపోయాడు.

మరునాడు మొగుడు గాబ్రియేలుతో, "ఇంకో రెండు దీపాలు బిగించాలప్పా" అంది.

గాబ్రియేలు లారీల షెడ్డులో మేస్త్రీ. అంతకు మునుపే లారీని ఎత్తే జాకీ జారి అతని కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి. "నేను చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు.

షెడ్డులో పాడుబడ్డ కారు నుంచి జీవమ్మ రెండు దీపాలు ఊడదీసింది. ఇనుప పట్టీల కింద పాత ట్యూబు ముక్కలు పెట్టి, అదురుకు వదులు కాకుండా ముందు చట్రానికి బిగించింది. ఒకదాన్ని ఎడమకు, దోవ అంచు మీదికి తిప్పింది. వైర్లను పొగ వదిలే వేడి గొట్టానికి దూరంగా నడిపింది. మీట నొక్కితే వెలగలేదు.

"చట్రం మీద రంగు గీకినావా? ఇనుముకు ఇనుము తగలకపోతే కరెంటు యాడ తిరిగొస్తాది?"

గీకింది. వెలిగాయి. హ్యాండిలు తిప్పగానే ఆరిపోయాయి. వైరు బిర్రుగా లాగి కట్టినందున కొస ఊడింది. గాబ్రియేలు నోరు తెరిచేలోపే, "నువ్వు చెప్పొద్దు, నాకు తెలిసింది" అని ఆ మలుపు దగ్గర జానెడు వదులు పెట్టి మళ్లీ కట్టింది.

కార్తె మారి వానలు పడ్డాయి. సుబ్బక్కకు నొప్పులని కబురొచ్చి బయలుదేరిన జీవమ్మకు, ఎడమ దీపం వెలుగులో వంకదోవ తెగిపోయి కనిపించింది. ఆమె బండి తిప్పి నడివీధిలోకి వచ్చింది.

ఓబుళరెడ్డి అడ్డం నిలబడ్డాడు. "దీపాలార్పి దిగవే!"

"ఆర్పను, దిగను. ఆడ సుబ్బక్క నొప్పులు పడతాండాది."

"ఎవురనుకున్యావే నన్ను?"

"నీ మనవడి బొడ్డు కోసిన చెయ్యి ఇది. నీ ఇంట్లోకి చెయ్యి రావచ్చు గానీ, నీ వీధిలోకి చక్రం రాకూడదా?" అంటూ జీవమ్మ హారను నొక్కింది. తలుపులు తెరిచి ఆడవాళ్లు అరుగుల మీదికొచ్చారు. వాళ్లలో చాలామందికి కాన్పు చేసింది ఆమే. అందరూ రెడ్డినే చూస్తూ నిలబడ్డారు. వాళ్ల ముందు ఆయన పక్కకు తప్పుకున్నాడు. సుబ్బక్కకు ఆడపిల్ల పుట్టింది.

వారం తిరక్కముందే, ఆ దీపాలతో వీధిలో దౌర్జన్యంగా తిరుగుతోందని ఓబుళరెడ్డి నుంచి ఆసుపత్రికి ఫిర్యాదు వచ్చింది. దీపాలు తీసేయమని కొత్త సూపరింటెండెంటు చెప్పాడు. జీవమ్మ బండి తెచ్చి ఆయన గది ముందు నిలిపింది. "అయ్యా, దీపాల్లేకుండా మీరే నడుపుకుంటూ కాన్పులకు పోండి" అని ఇంటికి వెళ్లిపోయింది. నాలుగో రోజుకు మూడు పల్లెల జనం తమ మంత్రసాని కావాలంటూ వచ్చి ఆయన గుమ్మంలో కూర్చున్నారు. ఆ సాయంత్రమే బండి ఆమె ఇంటికి వచ్చింది, దీపాలతో సహా.

1946లో ఇంజను చచ్చేదాకా జీవమ్మ నల్లగుంట్లపల్లె నడివీధిలోనే తిరిగింది. ఓబుళరెడ్డి బతికినంత కాలం ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు ఆ లోటు తెలిసినట్టు లేదు.