మామయ్యగారి కారులో ఎర్ర దీపం

మా మామయ్యగారు పోయారన్న కబురు నాకు ఆఫీసు క్యాంటీన్‌లో తెలిసింది. మా ఆయన ఫోన్ చేసి, "నాన్న ఇక లేరు" అన్నాడు. అన్నం తిని కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ప్లేటు ఎక్కడిదక్కడే వదిలేసి, మాదాపూర్ నుంచి ఫిల్మ్ నగర్ దాకా ఆటోలో ఏడుస్తూనే వచ్చాను. ఆటో అతను అద్దంలో చూసి, "ఎవరమ్మా, నాయినా?" అని అడిగాడు. అవునన్నాను. అది అబద్ధమని అప్పుడు తోచలేదు, ఇప్పుడూ తోచడం లేదు.

నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే నవ్విపోయేదాన్ని. మాది మెదక్ వైపు. వాళ్ళది కృష్ణా జిల్లా నుంచి మద్రాసు వెళ్ళి, సినిమా పరిశ్రమతో పాటు హైదరాబాద్ చేరిన కుటుంబం. మాది ప్రేమ పెళ్ళి. మామయ్యగారు వద్దనలేదు, సరేననలేదు. నాతో మాట్లాడలేదు, అంతే. నేను కప్పు పట్టుకుని ఎదురుగా నిలబడినా, "కాఫీ అక్కడ పెట్టమను" అని అత్తయ్యతో చెప్పేవారు. నాకు ఒళ్ళు మండేది. నేనేమైనా గోడనా?

ఆయన నెగెటివ్ కటింగ్ చేసేవారు. ఎడిటర్ కూర్చిన సినిమాకి సరిపోయేలా అసలు నెగెటివ్‌ని కత్తిరించి అతికే పని అది. కత్తెర తప్పు చోట పడితే ఆ షాటు పాడైనట్టే. మా పెళ్ళినాటికి కంప్యూటర్లు వచ్చి ఆ పని తగ్గిపోతూ తగ్గిపోతూ ఆగిపోయింది. నాదేమో కంప్యూటర్ల ఉద్యోగం. "బయట ఉన్నవి చాలవని ఇంట్లోకి కూడా తెచ్చాడు" అన్నారట మా ఆయన గురించి. అత్తయ్య ఈ సంగతి నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆయనకి మిగిలింది కారు. మద్రాసులో కొని, సామానంతా వేసుకుని స్వయంగా నడుపుకొచ్చిన తెల్ల అంబాసిడర్. ఇంజన్ స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద ఒక ఎర్ర దీపం వెలుగుతుంది. ఇంజన్‌లో ఆయిల్ అన్ని మూలలకీ చేరాక అది ఆరిపోతుంది. అప్పటిదాకా ఆయన బండి కదిలించేవారు కాదు. "ఆరింది" అనే మాట మాత్రం మా అత్తయ్య ఎవరినీ అననిచ్చేది కాదు. దేవుడి ముందు దీపమైనా కారులో దీపమైనా ఆవిడకి కొండెక్కాల్సిందే. దాంతో ఇంటిల్లిపాదికీ అదే మాట అలవాటైంది.

మా పెళ్ళయిన మరుసటి ఏడాది ఆ దీపం కొండెక్కడం మానేసింది. జూబ్లీ హిల్స్ సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, ఎర్రగా వెలిగేది. మెకానిక్ ఇంజన్ చూసి, లోపల క్యామ్ షాఫ్ట్ అనే ఇరుసు తిరిగే బుష్‌లు అరిగిపోయాయని, ఆయిల్ నిలవడం లేదని, ఇక దీన్ని పాత ఇనుముకి ఇచ్చేయమని చెప్పాడు. మా ఆయన అప్పటికే కొత్త కారు కొనాలని ఉబలాటపడుతున్నాడు. పోర్టికోలో ఒక్క బండే పడుతుంది. "దసరా పూజనాటికి ఆ లైటు కొండెక్కితే ఉంచుకుందాం నాన్నా. లేకపోతే పంపించేద్దాం" అన్నాడు. మామయ్యగారు తలొంచుకుని సరేనన్నారు. ఆయన మీద ఎంత కోపమున్నా, ఆ సరే వినలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

బరువులెత్తే గొలుసు కప్పీ కిరాయికి తెచ్చి ఇంజన్ దించారు. పార్టులన్నీ విప్పి, మిగిలిన ఇంజన్ బ్లాకుని పోర్టికోలో ఇనప బల్ల మీద పెట్టారు. నాది రెండో షిఫ్టు కావడంతో పొద్దున పూట ఇంట్లో మేం ముగ్గురమే. నేను కాఫీ తీసుకెళ్ళి, ఎవరూ రమ్మనకపోయినా అక్కడే మెట్టు మీద కూర్చునేదాన్ని. పొమ్మనలేదు కదా!

కొత్త బుష్‌లు తెచ్చారు. చంటిపిల్లల గాజులంత ఉంటాయి. ఒక్కోదానికి ఆయిల్ రావడానికి చిన్న రంధ్రం. బ్లాకులో ఆయిల్ వచ్చే దారికి ఆ రంధ్రం సరిగ్గా ఎదురుగా రావాలి. కాస్త పక్కకి జరిగినా ఆయిల్ అందక షాఫ్ట్ తిరగకుండా పట్టేస్తుంది. పైగా బిగుతుగా దిగుతాయి కాబట్టి, ఒకసారి దిగినదాన్ని బయటికి లాగితే ఇక పారేయడమే. వాటిని లోపలికి కొట్టి దించడానికి టోలిచౌకిలో లేత్ పనివాడికి కొలతలిచ్చి ఒక ఇనప కడ్డీ చేయించుకొచ్చారు. చల్లబడితే కాస్త ముడుచుకుంటాయని బుష్‌లని ఫ్రిజ్‌లో దాచారు. "ఐస్ ట్రే తీసేసి ఈ ఇనుమేంటండీ, చోద్యం!" అని అత్తయ్య దెబ్బలాడింది.

నెగెటివ్ మీద గుర్తులు పెట్టే తెల్ల పెన్సిల్‌తోనే బుష్ మీద గీత గీసి, కడ్డీకి తొడిగి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ దించేవారు. ముందుది దిగింది, వెనకది దిగింది. మధ్యది బ్లాకు లోపల్లోపల ఉంటుంది, కంటికి ఆనదు. అదీ దిగాక, చెమట తుడుచుకుంటూ కాఫీ అందుకున్నారు. నేను ఊరుకోవచ్చు కదా! చీపురుపుల్ల ఒకటి విరిచి ఆయిల్ దారిలో దూర్చి చూశాను. ముందు, వెనక సాఫీగా వెళ్ళిపోయింది. మధ్యలో అడ్డం తగిలి ఆగింది.

"మామయ్యా, జర చూడుండ్రి. పుల్ల లోపటికి పోతలేదు."

ఆయన కాఫీ తాగుతూనే ఉన్నారు. అత్తయ్య గుమ్మంలోంచి కళ్ళతోనే వద్దని సైగ చేసింది.

"మధ్యల బుష్ పక్కకి తిరిగింది మామయ్యా. తూటు ఎదురుంగ లేదు."

పుల్ల నా చేతిలోంచి లాక్కుని తనే దూర్చి చూశారు. మళ్ళీ చూశారు. మెట్టు మీద కూలబడి, ఎవరితోనో అన్నట్టు, "నెగెటివ్ అలవాటు. వెనక నుంచి చూసి కుడిని ఎడమ చేసుకోవడం" అన్నారు. కాఫీ వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు.

"నువ్వు ఊరుకోవాల్సింది" అంది అత్తయ్య, కళ్ళు ఒత్తుకుంటూ.

"ఊకుంటే పండుగనాడు ఇంజనే పట్టేస్తుండె అత్తయ్యా. అప్పుడు మామయ్య మొఖం చూస్తుంటిమా మనం?" అన్నాను. అన్నానే గానీ నాకూ ఆ రోజంతా ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికే ఆ బుష్‌ని ఉలితో చీల్చి తీసేశారు. కొత్తది చేతిలో పట్టుకుని, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. "అమ్మాయ్, రా. గుర్తు నువ్వు పెట్టు. నా కళ్ళు ఇంకా ఫిల్మ్ ల్యాబులోనే ఉన్నాయి" అన్నారు. నాతో నేరుగా ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. చేతిలో పోపు గరిటె అలాగే ఉండిపోయింది.

గుర్తు పెట్టాను. సుత్తి కూడా నాకే ఇచ్చారు. "తప్పయితే మామయ్యా?" అన్నాను. "తప్పయితే ఇంకోటి తెస్తాను. చూసి కొట్టు. కొట్టాక చూసి లాభం లేదు" అన్నారు. కొట్టాను. పుల్ల సాఫీగా లోపలికి దిగింది. ఆయన షాఫ్ట్‌కి ఆయిల్ పూసి, మెల్లగా లోపలికి జరిపి, రెండు వేళ్ళతో తిప్పారు. తేలిగ్గా తిరిగింది. ఆయన నవ్వగా అప్పుడే మొదటిసారి చూశాను.

దసరానాడు బండికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి స్టార్ట్ చేశారు. మా ఆయన కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు. "కొండెక్కిందిరా!" అని అత్తయ్య వీధంతా వినిపించేలా అరిచింది. మా ఆయన మాట మీద నిలబడ్డాడు. తర్వాత కొన్న కొత్త కారు ఇప్పటికీ ప్రహరీ బయటే ఉంటుంది.

ఆ బండి మీదే ఆయన నాకు డ్రైవింగ్ నేర్పారు. స్టూడియో పాత మిత్రులెవరు ఇంటికొచ్చినా బానెట్ ఎత్తి, "ఇందులో మధ్య బుష్ మా అమ్మాయి కొట్టింది" అని చూపించేవారు. అసలు బానెట్ ఎత్తితే అది కనపడదు. అయినా వాళ్ళంతా వంగి చూసేవారు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, ఎంతో సంతోషంగా.

అస్థికలు కృష్ణలో కలపడానికి బయల్దేరే పొద్దున, మా చినమామగారు కొత్త కారు తీయమన్నారు. కోడలు నడపడం ఏమిటన్నారు. అత్తయ్య ఆ మాట పూర్తి కానివ్వలేదు. "ఆయన ఆయన బండిలోనే వెళ్తారు. ఆ బండి మా అమ్మాయి నడుపుతుంది" అంది.

మా ఆయన తెల్లగుడ్డ కట్టిన కుండ ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది. ఎర్ర దీపం వెలుగుతోంది. క్లచ్ మీద కాలు పెట్టి దాన్నే చూస్తూ ఆగాను. వెనక కూర్చున్న చినమామగారు కూడా తొందరపెట్టలేదు.

అత్తయ్య కిటికీ అంచు మీద చెయ్యి వేసి వంగింది.

"కొండెక్కిందా అమ్మా?"

"ఎక్కింది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ చెయ్యి తీసింది. బండి కదిలించాను.