జపాను దొర బూట్లు విడిచిన ఇల్లు

జపానువాళ్ళు ఎంత మర్యాదస్తులో, ఎంత శుభ్రమైన మనుషులో అని ఎవరైనా మొదలుపెడితే నేను ఏదో పని గుర్తుకొచ్చినట్టు లేచిపోతాను. వాళ్ళు పాములు తింటారట, కప్పలు తింటారట అని మొదలుపెట్టినా లేచిపోతాను. రెండు రకాల మాటలూ నా పద్నాలుగేళ్ళప్పుడే చెవులు నిండేదాకా విన్నాను. ఆ మర్యాదను దగ్గరగా చూశాను కూడా. చూసినందుకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటికి మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. మా నాయన ఊరిబయట మాదిగవాడలో మిషను బడి పంతులు. మిషనువాళ్ళ దగ్గరే చదువుకొని ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఇంకా కొందరున్నా, వాళ్ళు అరుగుల మీద కూర్చొని మాట్లాడేవాళ్ళు, నాయన ఆ అరుగుల కింద నిలబడి మాట్లాడేవాడు. అంతే తేడా. ఆ తేడా ఆయన్ను ఎంత తినేసిందో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

మా వాడ మగవాళ్ళు పలకరాయి గనుల్లో రాయి పగలగొట్టేవాళ్ళు. ఆడవాళ్ళు షెడ్డులో కూర్చొని పలకలు రుద్దేవాళ్ళు. ఆ గనీ, ఆ షెడ్డూ ఒక షావుకారువి. రెండో ప్రపంచ యుద్ధానికి కొన్నేళ్ళ ముందు ఒక వేసవిలో, ఆయన రాయిని చూడడానికి మద్రాసు నుంచి జపాను కంపెనీ మనిషి వస్తున్నాడని కబురు వచ్చింది. ఊరంతా అదే మాట.

ఊరికి జపాను గురించి తెలిసింది అంగట్లో దొరికే బొమ్మలూ, గాజుపూసలూ, ఒకసారి ఉతికితే రంగు దిగే గుడ్డలూ. రెండ్రోజుల్లో విరిగేదానికి జపాను సరుకు అని పేరు. ఆ సరుకు చేసే మనుషుల గురించి మాత్రం అందరికీ అన్నీ తెలుసు. పాములు పచ్చివే తింటారు. కాగితాల ఇళ్ళలో ఉంటారు. పుల్లలతో బువ్వ తింటారు. ఆడవాళ్ళ కాళ్ళు కట్టేస్తారు అని చీనావాళ్ళ సంగతిని కూడా తెచ్చి వీళ్ళకే అంటగట్టారు. అందరి ముఖాలూ ఒకే అచ్చు గనుక ఎవడి పెళ్ళాం ఎవతో ఎట్ల గుర్తుపడతారని షెడ్డులో ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

షావుకారుకు మాత్రం నవ్వు రాలేదు. ట్రావెలర్స్ బంగళాలో ఎవరో అధికారి క్యాంపు వేశాడు. పాములు తినేవాడిని ఇంట్లో పెట్టుకోవడానికి ఊళ్ళో ఒక్కరూ ఒప్పుకోలేదు, షావుకారు ఇంట్లో ఆడవాళ్ళయితే అసలు వినిపించుకోలేదు. అప్పుడు నాయనను పిలిపించాడు. తను అరుగు మీద కూర్చొని, నాయనను మెట్ల కింద నిలబెట్టి చెప్పాడట.

"మీ వాళ్ళు ఏదైనా తింటారు గదా పంతులూ. వాళ్ళూ అంతేనంట. నీ బడిలో పండుకోబెట్టు, నీ ఇంట్లో తింటాడు. మాటలు నువ్వే చెప్పాల, నాకు ఇంగ్లీషు రాదు."

ఈ మాటను నాయన ఇంటికొచ్చి అమ్మకు యథాతథంగా చెప్పాడు. అమ్మ ముఖం మాడిపోయింది. నాయన ముఖం మాత్రం వెలిగిపోతూ ఉంది. తిట్టును తిట్టుగా తీసుకోలేనంత సంతోషంలో ఉన్నాడు. జపానులో కులాలు లేవని ఎప్పుడో ఏదో పేపరులో చదివాడు. చిన్న దేశమైనా తెల్లవాళ్ళను ఓడించిందనీ, అక్కడ అంటరానివాళ్ళనే మాటే లేదనీ బడిలో పిల్లలకు ప్రతి ఏడాదీ చెప్పేవాడు. ఆ దేశం మనిషి ఇప్పుడు మా ఇంటికే వస్తున్నాడు.

"ఆయన మనింట్లో కూచోని తింటాడు. షావుకారు చూస్తాడు," అన్నాడు అమ్మతో. "మాటలు చెప్పాలంటే పక్కన ఉండాల గదా. దొరను పైన కూచోబెట్టి నన్ను కింద నిలబెడతాడా? నన్నూ మెట్లెక్కి రమ్మనాల్సిందే."

నాయనకు కావలసింది అదొక్కటే. ఆ మూడు మెట్లు. జీతం పెంచమని ఆయన ఎవరినీ అడగలేదు, పొలం కావాలనలేదు. ఒక్కసారి ఆ మెట్లెక్కి ఆ అరుగు మీద కూర్చుంటే, ఆ తర్వాత తన పిల్లలనూ తన బడి పిల్లలనూ ఎవరూ కింద నిలబెట్టరని ఆయన లెక్క. ఆ లెక్కంతా ఆ వచ్చేవాడి మీద పెట్టుకున్నాడు.

స్టేషను నుంచి జట్కాలో వచ్చాడు. సన్నటి మనిషి, తెల్ల సూటు, చేతిలో నల్ల సంచి. మా గడప దగ్గర ఆగి, అక్కడి బండ మీద కూర్చొని బూట్ల తాళ్ళు విప్పాడు. రెండు బూట్లూ జతగా, వీధి వైపు మొనలు తిప్పి పెట్టాడు. అప్పటిదాకా మా ఇంటికి బూట్లతో వచ్చినవాళ్ళందరూ బూట్లతోనే లోపలికి వచ్చారు. తాసీల్దారు కచేరి మనిషి, పోలీసు, ఆఖరికి మాకు దేవుడిని పరిచయం చేసిన దొరసాని కూడా. మా మట్టి నేలను పేడతో అలికి ఉంచినా అది వాళ్ళ కంటికి వీధే. ఈయన బూట్లు విడిచి, లోపలికి వచ్చి, అమ్మ ముందు నడుము దాకా వంగాడు. అమ్మ భయపడి తలుపు చాటుకు పోయింది. నాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చింది.

మేము పొరపాటు పడింది అక్కడే. ఆయన ఎవరింటికి పోయినా బూట్లు విడిచేవాడే. గొడ్ల కొట్టమైనా విడిచేవాడే, అక్కడ మనిషి కనబడితే వంగేవాడే. అది వాళ్ళ అలవాటు, మనం పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు. మేము దాన్ని మాకు జరిగిన గౌరవం అనుకున్నాం. గౌరవానికి మొహం వాచిపోయి ఉన్నవాళ్ళకు అలవాటుకూ గౌరవానికీ తేడా ఎట్లా తెలుస్తుంది?

సాయంత్రానికి మా వాడ మామ ఒకాయన బతికున్న ఉడుమును తోకకు తాడు కట్టి తెచ్చాడు, దొర తింటాడని. దొర రెండడుగులు వెనక్కి వేసి, దీన్ని ఏం చెయ్యాలని నాయనను అడిగాడు. వాడంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని. ఊరు చెప్పిన కథలు అబద్ధమని ఆ రోజే తేలిపోయింది. నాయన చెప్పిన కథ నిజమో కాదో చూడాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

జొన్న సంగటి తినే ఇంట్లో ఆయన కోసం వరి అన్నం వండింది అమ్మ. కోడిని కోసింది. కారం తగ్గించమని నాయన చెప్పాడు, తగ్గించాననే అనుకుంది ఆమె. ఆయన తినబోయే ముందు రెండు చేతులూ జోడించి ఏదో గొణిగాడు. కూర కలపకుండా వట్టి అన్నం ముందు తిన్నాడు. కూర తిని కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు, అయినా ఒక్క మెతుకు వదల్లేదు. చారు పెద్ద చప్పుడుతో జుర్రాడు. నేను కిసుక్కుమంటే నాయన కళ్ళెర్రజేశాడు. బాగుంటే అట్ల చప్పుడు చేసి తాగడం వాళ్ళ పద్ధతి అని తర్వాత చెప్పాడు. అది నిజమో కాదో ఆయనకూ తెలియదు. జపానువాళ్ళు ఏం చేసినా మంచిదేనని ముందే తీర్మానించుకున్నాడు.

రాత్రి పడుకునే ముందు వేణ్ణీళ్ళ స్నానం కావాలన్నాడు. ఎండలు మండిపోయే రోజుల్లో వేణ్ణీళ్ళేందని వాడంతా ఆశ్చర్యపోయింది. అమ్మ పెద్ద కుండతో కాచి ఇచ్చింది. మర్నాడు పొద్దున కూడా మా ఇంట్లోనే తిన్నాడు. ఆ రెండు పూటలూ నాయన ఎంత సంతోషంగా ఉన్నాడో, అంత సంతోషంగా ఆయనను అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నేను చూడలేదు. దొర మా ఇంట తిన్నాడన్న సంగతి ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పాడు.

ఆ పొద్దునే నాయన ఆయనకు వాడ చూపించాడు. ఇళ్ళ వెనక తోళ్ళు పదును చేసే లంద ఉండేది. తంగేడు చెక్క వేసిన నీళ్ళలో తోళ్ళు నానుతూ ఉంటాయి, ఆ వాసన తెలియనివాళ్ళకు కడుపులో తిప్పుతుంది. అదేమిటని ఆయన అడిగాడు. నాయన దాచలేదు. దాచడం ఎందుకు, కులం లేని దేశం మనిషే గదా. మా తాత చచ్చిన గొడ్లను ఒలిచి ఆ లందలోనే తోళ్ళు పదును చేసినవాడనీ, ఆయన కొడుకైన తను చదువుకొని పంతులయ్యాననీ ఛాతీ విరుచుకొని చెప్పాడు. అది ఆయన జీవితంలో పెద్ద గెలుపు. మెచ్చుకుంటాడనుకున్నాడు. ఆ మనిషి తల ఊపాడట. ఇంకేమీ అడగలేదట.

మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే గడప బయటే నిలబడి, కడుపులో బాగా లేదని చెప్పి వంగాడు. రాత్రి పిలిస్తే ఇంకొంచెం ఎక్కువ వంగాడు. అరటిపండ్లు తెప్పించుకున్నాడు, నీళ్ళు తన సీసాలోవి తాగాడు. అమ్మ తన కారమే కొంప ముంచిందనుకుంది. కారం లేకుండా పప్పు చేసింది. మర్నాడు పొద్దున ఉప్పు మాత్రం వేసి జావ కాచింది. వద్దన్నప్పుడల్లా ఆ మనిషి ఎంతో అందంగా వంగేవాడు. పాపం మా అమ్మ ఆ వంగడం చూసి, ఈ దొరకు ఇంకేం వండితే సరిపడుతుందో అని నన్ను అడిగేది.

ఆ మధ్యాహ్నం మెత్తగా వండిన అన్నం, పెసరపప్పు ఒక గిన్నెలో పెట్టి, గుడ్డతో మూట కట్టి నాకిచ్చి షెడ్డుకు పంపింది. నేను పోయేసరికి షావుకారు, దొర, నాయన పలకల దొంతర పక్కన నిలబడి ఉన్నారు. నా చేతిలో మూట చూసి షావుకారు నాయన వైపు తిరిగాడు. దొర పంతులు ఇంట్లో రెండు పూటలు తిన్నాడట, ఇప్పుడు అరటిపండ్లు తిని బతుకుతున్నాడట, సంగతేందో అడగమన్నాడు. నాయన ఇంగ్లీషులో అడిగాడు. దొర నేల చూశాడు. తగ్గు గొంతుతో, ఆగి ఆగి, ఏదో చెప్పాడు. చెప్పి నాయనకు వంగాడు.

షావుకారుకు ఇంగ్లీషు ముక్క రాదు. కడుపు నొప్పి అంటే అయిపోయేది. దొర అసలు ఏమన్నాడో ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు. చాలా ఏళ్ళు నాకు ఆ దొర మీద కంటే నాయన మీదనే కోపం ఉండింది, ఎందుకు కడుపు నొప్పి అనలేదని. కానీ ఆయన తన ముందు పెట్టిన మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. చెప్పాడు.

"వాళ్ళ దేశంలోనూ చచ్చిన గొడ్ల పని, తోళ్ళ పని చేసేవాళ్ళు ఉన్నారంట. వాళ్ళ వాడలు వేరేనంట. ప్రభుత్వం అందరూ ఒకటే అనిందంట గానీ, వాళ్ళింట్లో మాత్రం ఆ చేతులతో పెట్టింది తినరంట. అలవాటంట. పంతులు మంచోడే, వంట బాగుండింది, తప్పుగా అనుకోవద్దు అంటున్నాడయ్యా."

పలకలు రుద్దే మా వాడ ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టారు.

షావుకారు ముఖం విప్పారింది. తప్పిపోయిన చుట్టం దొరికినట్టు దొర వైపు చూశాడు.

"అట్ల చెప్పు మరి. మనలాంటోళ్ళేనే వీళ్ళు. ముందే తెలిసుంటే మా అరుగు మీదనే ఆకేసి పెడుదుము గదా."

ఒక్క మనిషిని చూసి ఒక దేశాన్ని తిట్టకూడదని నాకూ తెలుసు. ఊరు కప్పల కథతో చేసిన పని అదే, నాయన పేపరు ముక్కతో చేసిన పనీ అదే. ఆ దేశంలోనూ ఊరిబయట వాడలుంటే, ఆ వాడల్లో మా నాయనలాంటి పంతుళ్ళూ ఉండే ఉంటారు. వాళ్ళ ముందు కూడా మనుషులు ఇంతే అందంగా వంగి, వాళ్ళు పెట్టింది వద్దంటూ ఉండి ఉంటారు. కరకుగా పొమ్మన్నవాడిని మనసారా తిట్టుకోవచ్చు. వంగి దండం పెట్టి పొమ్మన్నవాడిని ఏమని తిట్టాలి? ఆ వీలు కూడా మా నాయనకు లేకుండా చేశాడు.

షావుకారు అప్పటికప్పుడే దొరను ఇంటికి తీసుకుపోయాడు. మాటలు చెప్పడానికి నాయన కావాలి గనుక ఆయనా వెంట నడిచాడు. నన్ను ఇంటికి పొమ్మని ఎవరూ చెప్పకపోతే మూట పట్టుకొని నేనూ పోయాను. దొర మెట్లెక్కాడు. అరుగు కడిగి, పీట వేసి, ఆకు పరిచారు. నాయన మొదటి మెట్టు దగ్గర ఆగి షావుకారు వైపు చూశాడు. ఆ చూపు నేను చూశాను. షావుకారు కోప్పడలేదు, కసరలేదు. అక్కడ నిలబడితే మాటలు బాగానే వినిపిస్తాయిలే అని నవ్వుతూ అన్నాడు.

పొద్దు నడినెత్తిన ఉంది. నాయన తలపాగా తీసి చంకలో పెట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. పైనుంచి షావుకారు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో పైకి చెప్పాడు, దొర ఇంగ్లీషులో చెప్తే తెలుగులో పైకి చెప్పాడు. రాయి సంగతి అయింది, రైలు సంగతి అయింది. లోపలి నుంచి పప్పు వచ్చింది, నెయ్యి వచ్చింది. దొర ఏదో అన్నాడు.

"నెయ్యి చానా బాగుందంటున్నాడయ్యా," అన్నాడు నాయన.

"ఇంకొంచెం పొయ్యమంటాడేమో అడుగు."

పొద్దుటి నుంచి నాయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. గొంతు సవరించుకొని అడిగాడు.