పదహారు దాటని పాదం

మా వీధి కళ్లజోళ్ల దుకాణం యజమాని కారు ఇరవై ఏళ్లపాటు పెట్రోలు తాగకుండానే నడిచింది. సరే, అలా చూడకండి. తాగింది. కానీ పసిపిల్లకి మందు పట్టినట్టు ఆయన కొలిచి పోస్తేనే తాగింది.

వీధంతా ఆయన్ని మైలేజీ మావయ్య అనేది. బంకులో ట్యాంకు నిండినా ఆయన వదిలేవాడు కాదు. లోపలి బుడగలు పోయి మరో గుక్కెడు పట్టాలని, మొగుడూ పెళ్లాలు చెరోవైపు నిలబడి కారుని ఊపేవారు. ఒకసారి నిండుగా పోసినప్పటి నుంచి మళ్లీ నిండుగా పోసేదాకా తిరిగిన కిలోమీటర్లను లీటర్లతో భాగించి, షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసేవాడు. ఎండాకాలమైనా ఏసీ వెయ్యకూడదు. ఎత్తు రోడ్డు వస్తే అత్తగారు దిగి నడవాలి. ఇన్ని చేసినా లెక్క పదహారు దాటలేదు. ఆ పదహారైనా తన పాదం మహిమేననీ, ఇంకెవరు తొక్కినా పన్నెండుకి పడిపోతుందనీ ఆయన నమ్మకం. అందుకే కుట్టు నేర్పే బడిలో పనిచేసే భార్య, లైసెన్సు ఉండి కూడా, రోజూ బస్సులో వేళ్లాడేది.

ఇంతలో ఆయన కంట్లో శుక్లం వచ్చింది. కళ్లజోళ్లు అమ్మే మనిషికే కన్ను మసకబారిందని వీధి నవ్వుకుంది. ఆపరేషనయ్యాక డాక్టరు కొన్నాళ్లు స్టీరింగు ముట్టొద్దన్నాడు. తాళాలు భార్య చేతికొచ్చాయి.

నెల తిరిగాక బంకులో లెక్క కట్టారు. పంతొమ్మిది.

"మళ్లీ ఊపు," అన్నాడు మావయ్య.

"ఊపీ ఊపీ నా నడుం పడిపోయింది. పంతొమ్మిదేనండీ."

పెట్రోలు పోసేవాడు పళ్లికిలించాడు. "ఇకనుంచి మేడంగారినే పంపండి సార్. మీరు ఇంట్లో పడుకుంటే దేశానికి చమురు మిగులుతుంది."

ఇంటికెళ్లాక ఆవిడే సుద్దముక్క తీసి, పదహారుల వరస కింద బెత్తెడు ఎత్తున పంతొమ్మిది వేసింది. "ఇన్నేళ్లూ బరువు మా అమ్మది కాదండీ, మీ పాదానిది."

ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది. మర్నాటి నుంచి పొద్దున్నే కారు తుడిచే పని తనే పెట్టుకున్నాడు. ఆవిడ మురిసిపోయింది. ఆయన గుడ్డ పట్టుకుని వంగి, పాత పెన్ను రీఫిల్లుతో టైర్లలోంచి రోజూ కాస్త గాలి వదిలేవాడు. గాలి తగ్గిన చక్రం ఈడ్చుకుంటూ నడుస్తుంది, పెట్రోలు తాగుతుంది. తర్వాతి ట్యాంకుకి పద్నాలుగే వచ్చింది. మావయ్య గోడ మీద పద్నాలుగు వేసి, చుట్టూ గుండ్రంగా గీత గీసి, కూతురికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. భార్య మాత్రం, బండి పాతబడిందేమో, ఇంకా నెమ్మదిగా నడుపుతానంది. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఆయన చెయ్యి ఊరుకోలేదు.

వాన పడ్డ రోజు మలుపులో ముందు టైరు రిమ్ము నుంచి ఊడింది. కారు వెళ్లి ప్రహరీని గుద్దింది. ఆవిడ కుడిచెయ్యి రెండు చోట్ల విరిగింది.

ఆస్పత్రిలో ఆవిడ అడిగింది: "టైర్లో గాలే లేదన్నాడు మెకానిక్కు. పొద్దున్నేగా మీరు తుడిచారు, కనపళ్లేదా?"

మావయ్య కట్టు వైపు చూశాడు. "సగం ట్యాంకు మీద గుద్దేశావు. ఇప్పుడు లెక్కెలా తేల్చను?"

రోజూ ఆ తుడవడం ఎందుకో ఆవిడకి అప్పుడు అర్థమైంది. కారు ఆవిడ పేరు మీదే ఉంది. కూతుర్ని పిలిచి, ఎడంచేత్తో సంతకం గీకి, పాత ఇనుము వాడికి అమ్మించేసింది. లారీకి ఎక్కిస్తుంటే మావయ్య అడ్డం పడి మీటరు చదువుకొచ్చాడు. ఆవిడ కుడిచెయ్యి మళ్లీ సూది పట్టలేదు.

ఇప్పటికీ ఎవరైనా ఆ సంగతి ఎత్తితే ఆయన కొత్త అద్దాల్లోంచి తాపీగా చూస్తాడు.

"కట్టుకథ. ఆవిడ స్నానాల గదిలో జారిపడింది. నాకసలు కారే లేదు."