మంగమ్మ కోసి చూసిన కార్జం

ఇందాక వానలో తడిసొచ్చిన గొర్రెలకాపరి ఒకడు మా అరుగు మీద గొంగళి విదిలించి కూర్చున్నాడు. తడి ఉన్ని వాసన గదిలోకి వచ్చింది. ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం రాస్తున్న వ్యాసం పక్కన పెట్టాను. ఆ వాసన వస్తే నాకు మంగమ్మ గుర్తుకొస్తుంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా రాజమండ్రిలో నేను విన్న ఉపన్యాసకులందరికంటే ఆమె దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు, గర్వంగా ఉంది.

అప్పటికి నాకు పాతికేళ్లు. పగలు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు సంస్కరణ సభల్లో వాదించేవాణ్ణి. శకునాల మీదా, వితంతువులకు జరిగే అన్యాయం మీదా ఎవరితోనైనా తగువుకు సిద్ధంగా ఉండేవాణ్ణి. కార్తీకంలో సెలవులు దొరికితే పాపికొండలు చూద్దామని పడవెక్కాను. పోలవరం దాటాక గోదావరి ఇరుకై, రెండువైపులా కొండలు దగ్గరకు జరిగాయి. మంచు నీటి మీదనుంచి లేచి చెట్ల నడుమకు పోతుంటే పడవవాళ్లు కూడా మాటలు ఆపేశారు. ఒక రేవులో దిగి, కొండచరియ మీద గుడిసెలు వేసుకున్న గొల్లల దగ్గర నాలుగు రోజులున్నాను. వాళ్లది పెద్దాపురం వైపు. కింద పొలాల్లో ఊడ్పులు మొదలైతే గొర్రెలకు మేత ఉండదు. అందుకని మందల్ని కొండలకు తోలుకొచ్చి, కోతలయ్యేదాకా అక్కడే మేపుతారు. మంగమ్మకు అరవై దాటాయి. కొడుకు పోయాక కోడలు నూకాలుతో కలిసి తన మందను తానే చూసుకునేది.

"కొండ చూడ్డానికే ఇంత దూరం వచ్చారా పంతులుగారూ?" అని అడిగింది మొదటి రోజు.

"అవును."

"మా ఊళ్లో చెబితే నవ్వుతారండి. మేం ఏటా వస్తాం గానీ, మాకు గడ్డే కనపడుద్ది."

మూడోనాడు పొద్దున ఆమె మరిది సింహాద్రి మందలో మరో రెండు గొర్రెలు చచ్చిపడ్డాయి. అప్పటికి పదిహేను రోజులుగా అదే వరస. గొల్లలంతా పోగయ్యారు. నూకాలు తల వంచుకుని నిలబడింది.

"ముండమోపి చెయ్యి తగిలాకే ఇదంతా. దీన్ని ఇయ్యాలే పడవెక్కించెయ్ వదినా," అన్నాడు సింహాద్రి. నూకాలుకు పుట్టింటివాళ్లు ఎవరూ లేరు. పడవెక్కిస్తే ఆమె దిగవలసిన రేవు ఎక్కడా లేదు.

నేను ఊరుకోలేకపోయాను. దిష్టి లేదనీ, దేవత కోపం లేదనీ, మూఢత్వమే అసలు రోగమనీ సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. వాళ్ల ముఖాలు బిగుసుకున్నాయి. "ఈయన మాటలు వింటే అమ్మోరు ఊరుకుంటదా?" అన్నారెవరో. నూకాలుకు నేను చేసిన సాయం అంతే.

మంగమ్మ నన్ను పక్కకు జరగమంది. "అమ్మోరి సంగతి మీ ఊళ్లో తేల్చుకోండి బాబూ." ఆ తర్వాత మరిదివైపు తిరిగింది. "నా గొర్రెల్ని రోజూ తడిమేది ఇదే. నావి బతికే ఉన్నాయేంటి మరి?"

సింహాద్రి ఆమె మంద వైపు చూశాడు.

"నీది చచ్చింది ఒకటి, నాది బతికున్నది ఒకటి. రెండూ కోసి చూద్దాం."

తన మందలో బలిసిన పొట్టేలును ఆమే పట్టుకొచ్చింది. నూకాలు "వద్దత్తా" అంది గానీ ఆమె వినలేదు. రెండింటి కాలేయాలూ, వాళ్ల మాటలో కార్జాలు, మోదుగాకు మీద పక్కపక్కన పెట్టారు. పొట్టేలుది నున్నగా, ఎర్రగా ఉంది. చచ్చినదాని కార్జం గట్టిపడి, ముడుచుకుపోయింది. కత్తితో చీల్చగానే లోపలి గొట్టాల్లోంచి ఆకుల్లాంటి చదునైన జలగలు బయటికొచ్చాయి.

"దీని చెయ్యి ఇంత లోపలికి పోయిందంటావా?" అంది మంగమ్మ.

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. సింహాద్రి మంద మూడు నెలలుగా కింద మడుగు పక్కనే మేస్తోందనీ, తనది ఆరిన చరియ మీదే మేస్తోందనీ ఆమె చెప్పింది. మడుగు గడ్డి మేసినవాటికే దవడ కింద నీరు దిగడం తాను చాలా ఏళ్లుగా చూస్తున్నానంది.

"మరి గడ్డిలోంచి జలగ కార్జంలోకి ఎలా పోద్ది?" అన్నాడు సింహాద్రి. ఆమెను ఓడించడానికే అడిగాడు.

"నాకు తెలీదు," అంది మంగమ్మ. "అక్కడ మేసినవి చస్తన్నాయి. అది తెలుసు."

నేను అబ్బురపడింది అక్కడే. మా సభల్లో ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. తెలియని చోటల్లా మేం గొంతు పెంచేవాళ్లం. ఆమె కోడలి బతుకు తేలిపోయే వేళ, పదిమంది ముందు, తడబడకుండా ఆ మాట అంది. చిత్రమేమిటంటే, ఆ తర్వాతే సింహాద్రి మెత్తబడ్డాడు. మధ్యాహ్నానికి తన మందను చరియ మీదికి తోలాడు. పడవ మాట మళ్లీ ఎత్తలేదు. మర్నాడు ఇంకో గొర్రె పోయింది. అందరూ నూకాలు వైపు కాక దాని కార్జం వైపు చూశారు.

రాజమండ్రి తిరిగొచ్చాక ఈ సంగతి సభలో చెప్పాను. జలగ లోపలికెలా వెళ్తుందని ఒక పెద్దమనిషి నిలదీశాడు. నోటిదాకా ఏదో శాస్త్రం వచ్చింది. మింగేసి, "నాకు తెలియదండి" అన్నాను. సభ గొల్లున నవ్వింది. నా జీవితంలో తల ఎత్తుకుని కూర్చున్న రోజు ఏదంటే అదే.