మిద్దె మీద గాలిని కొలిచిన సారు

పెళ్లయి బద్వేలు దగ్గర అత్తగారింటికి వచ్చిన కొత్తలో, మద్రాసు కాలేజీలో పాఠాలు చెప్పే సారొకాయన జీపులో మా ఊరికి వచ్చాడు. కొన్నాళ్లు మా మిద్దె మీద యంత్రం పెట్టుకుని గాలిని పరీక్షిస్తానని మామను అడిగాడు. మామ వెంటనే సరేనన్నాడు. ఆయన దేనికీ అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. సారు సామాను దించుతుంటే నన్ను పక్కకు పిలిచాడు.

“గాలి కోసం మద్రాసు నుంచి ఈడికొస్తారా ఎవరన్నా? మన చేలో గని ఉండాదని ఎవరో చెప్పింటారు. నువ్వు ఇంగ్లీషు చదివినావు కదమ్మా, ఆయప్ప ఏం చేస్తాండాడో ఓ కన్నేసి ఉండు.”

అలా నాకు కాపలా పని పడింది. జొన్నలు ఆరబోసే నెపంతో మిద్దెక్కి కూర్చునేదాన్ని. కారు బ్యాటరీతో నడిచే పంపు గుర్రుమంటూ తెల్ల కాగితం గుండా గాలిని లాగేది. ఆ కాగితాన్ని ఆయన ఇంకో పెట్టెలో పెడితే టిక్కుటిక్కుమని చప్పుడొచ్చేది. తెల్లవారుజామున గబగబా కొట్టుకునే పెట్టె మధ్యాహ్నానికి నీరసపడిపోయేది. మనిషి ఏదో కనికట్టు చేస్తున్నాడని నాకూ అనుమానం వచ్చి అడిగేశాను.

“మట్టిలోంచి రేడాన్ అనే వాయువు ఎప్పుడూ బయటికొస్తుంటుందమ్మా,” అన్నాడాయన. “తెల్లవారుజామున గాలి కదలదు కాబట్టి అది నేల దగ్గరే నిలిచిపోతుంది. ఎండెక్కితే గాలి పైకి లేస్తుంది, అదీ పలచబడుతుంది. పొగయినా అంతే. దాన్నుంచి పుట్టే రేణువులు ఈ కాగితానికి అంటుకుంటేనే పెట్టె టిక్కుమంటుంది. ఈ చప్పుళ్లను బట్టి గాలి ఎంత కదిలిందో తెలుసుకోవచ్చు.”

మామకు అదే చెప్పాను. ఆయన నేరుగా సారు ముందుకే పోయి నిలబడ్డాడు.

“మట్టిలోంచి వస్తాదంటివంట. అంటే నా మట్టిలో ఏదో ఉండాదనే కదప్పా?”

“ఏ మట్టిలోనైనా కొంత ఉంటుందయ్యా.”

“అట్లయితే ఊరి బయట బీడులో పెట్టు, చూద్దాం.”

సారు విసుక్కోకుండా సామానంతా అక్కడికి మోయించాడు. మరుసటి తెల్లవారుజామున బీడులోనూ పెట్టె గబగబా కొట్టుకుంది. మామ దాని పక్కనే గొంతుక్కూర్చుని విన్నాడు.

“ఈడ కూడా ఉండాదన్నమాట,” అన్నాడు నాతో మెల్లగా.

ఇంకేముంది, ఆ బీడు కొనడానికి బేరం మొదలుపెట్టాడు. ఎన్నేళ్లుగానో దాన్ని వదిలించుకోవాలని తిరుగుతున్న దాని ఆసామి ఒక్కసారిగా అడ్డం తిరిగాడు.

“రాళ్లు తప్ప ఏం లేని నేల నీకెందుకప్పా? నువ్వు కొంటాండావంటే దాంట్లో ఏదో ఉండాది. నేనియ్యను!”

సారు వెళ్లిపోయేనాటికి బీడు చుట్టూ కంపచెట్ల కంచె లేచింది. లోపల గొర్రెలు కూడా మేయలేదు. ఆసామి బతికున్నన్నాళ్లూ దాన్ని దున్నలేదు, అమ్మలేదు.

నేను మాత్రం ఆ తర్వాత ఎండ పొడ కనబడ్డాకే పొయ్యి వెలిగించేదాన్ని. తెల్లవారుజామున పొగ వాకిట్లోనే చుట్టుకుని కళ్లు మండించేది మరి. నాలుగు రోజులు చూసి మామ వంటింటి గడపలోకి వచ్చాడు.

“పొయ్యి ఎందుకింత ఆలస్యమవుతాండాది?”

“గాలి లేచేదాకా ఆగుతాండా మామా.”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఆయప్ప నీకింకా ఏమేం చెప్పిపోయినాడమ్మా?” అన్నాడు.